నాయన నెత్తిన టైమ్ టేబుల్

ఇది కురుక్షేత్రం అంతటి గాథ. నెత్తురు, విరిగిన పన్ను, అన్నదమ్ముల వైరం, అన్నీ ఉన్నాయి. అలాగని మహాకావ్యమేమీ కాదు. దుర్గ్ పక్కనున్న కోహ్కాలో ఒక బస్సు ఆఫీసుకి నేను వెబ్‌సైటు చేసిన సంగతి.

ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన తొలి రోజులు. దుర్గ్‌లో రైలు టికెట్ దొరకని మన తెలుగువాళ్ళని విజయనగరం చేర్చే బస్సుని అన్నదమ్ములిద్దరు నడిపేవారు. సగం సీట్లు ఖాళీ. ఇలాగే సాగితే బస్సు అమ్మేయాలి. వెబ్‌సైటు ఉంటే జనం వస్తారని తమ్ముడు, కంప్యూటర్ కోర్సు ముగించి ఖాళీగా తిరుగుతున్న నన్ను పిలిచాడు.

అన్న ఒకే షరతు పెట్టాడు. సైటు తెరవగానే, బస్సు మొదలుపెట్టి కాలం చేసిన వాళ్ళ నాన్న ఫోటో దండతో సహా తెరనిండా కనబడాలి. ఆఫీసు గోడమీద ఆయన ఫోటోకన్నా ఎత్తులో క్యాలెండర్ కూడా ఉండేది కాదు మరి. పెట్టాను. అప్పటి నెట్ వేగానికి రుఆబాంధా పేటలోని సైబర్ కేఫ్‌లో ముందు దండ దిగేది, తర్వాత నుదురు, ఆ తర్వాత మీసం. మీసందాకా ఆగినవాళ్ళు తక్కువ. ఆగినవాళ్ళేమో యజమాని పోయాడు, బస్సూ ఆగిపోయుంటుంది అనుకుని లేచిపోయేవారు.

బస్సు వేళలు పైకి, ఫోటో కిందికి మార్చమన్నాడు తమ్ముడు. అది అన్న చెవిన పడింది.

"నాయన నెత్తిన టైమ్ టేబుల్ పెడతావేట్రా?"

"నాయన మీసం దిగీలోగా పాసింజర్లు రైలెక్కెస్తన్నారన్నియ్యా."

స్టేప్లర్ ఎగిరింది. తమ్ముడి నుదురు చిట్లింది. అతను కీబోర్డు పీకి అన్న మూతిమీద కొడితే పన్నుతోపాటు కొన్ని అక్షరాలూ రాలాయి. అన్న మౌసు తీగతో అతని గొంతు బిగించాడు. నేను ధైర్యంగా మానిటర్‌ని కౌగిలించుకున్నాను, అది అద్దెది.

ఇంతలో గుమ్మంలో సంచితో ఒకావిడ నిలబడింది. కాసేపు చూసింది.

"కొట్టుకోండి బాబూ, నానేటీ అనను. ఇజీనారం బస్సు ఎన్నింటికెల్తాది?"

"ఐదింటికమ్మా," అన్నాడు అన్న, తీగ వదలకుండా, నెత్తురు ఊసి.

"కంప్యూటర్లో ఉంటాదన్నాడు మావోడు. సూత్తే ఎవులో ముసిలాయన ఉన్నాడు."

తీగ వదులైంది. తమ్ముడు దగ్గుతూ కూలబడ్డాడు. అన్న గోడమీది ఫోటోకేసి చూశాడు.

"బస్సు టైము నాయన ఫోటో మీదే రాయరా," అన్నాడు నాతో. "సిన్న అచ్చరాలు ఎయ్యి."

దండకన్నా ముందు ఆ అక్షరాలే దిగేవి, బస్సు అమ్మే పని పడలేదు. నేను రాసిన ఆ వరుస ఇదీ: బస్సు సాయంత్రం ఐదింటికి బయల్దేరుతుంది, సామాను ఎక్కించడానికి అరగంట ముందు రావాలి.