అడుగున నడిచే తీగ

ముద్దనూరు స్టేషన్లో బొగ్గు గూడ్సు వస్తుంటే నేను కూర్చున్న సిమెంటు బెంచీ సన్నగా అదురుతుంది. చక్రాల చప్పుడు చెవికి అందకముందే ఆ అదురు వీపుకు తెలుస్తుంది. అప్పుడల్లా ప్రొద్దుటూరులో మా పక్కింటి సుబ్బరాయుడు సార్ గుర్తొస్తారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆయన, వయసులో ఉన్నప్పుడు షార్ట్‌వేవ్ రేడియోలో తగిలిన జాజ్ సంగీతాన్ని జీవితాంతం వదల్లేదు. తెల్లవారితే మా వీధిలో అందరిళ్ళలో భక్తిగీతాలు, ఆయనింట్లో ట్రంపెట్.

నేను ఇంజనీరింగ్ చదువుతూ ఆయన దగ్గర జాజ్ వినడం మొదలుపెట్టాను. ఏది విన్నా మొదట అందులోని వరుసక్రమం వెతకడం నా అలవాటు. ఎన్ని మాత్రలు, ఎవరి తర్వాత ఎవరు, ఏది ఎన్నిసార్లు.

"సార్, ఈ సాక్సోఫోన్ ఆయన రెండోసారి తప్పు వాయించినాడు. మొదట ఇట్లా లేదు" అన్నాను.

సార్ పడీపడీ నవ్వారు. "చెప్పిందే చెప్పేదానికి ఆయనేమన్నా రైల్వే అనౌన్స్‌మెంటా అప్పా? పక్కనోడు ఒక మాటన్నాడు, ఈయన జవాబిస్తాండాడు. రేపు వాయిస్తే ఇంకో జవాబు."

ఒకసారి జమ్మలమడుగు దగ్గర తన చెల్లెలి పత్తిచేనికి నన్ను తీసుకుపోయారు. ఆడవాళ్ళు పత్తి తీస్తూ పాడుతున్నారు. ఒకామె అందుకుంటే మిగతావాళ్ళు బదులిస్తున్నారు. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమెరికాలో అమ్మిన మనుషులు పత్తిచేలలో ఇలాగే బదులు పాటలు పాడారని సార్ గట్టుమీద నిలబడి చెప్పారు. డప్పులు లాక్కున్నచోట అరచేతులతో, పాదాలతో దరువు నిలుపుకున్నారట. ఆ పాటలే చర్చీల్లోకి, ఊరేగింపు బ్యాండుల్లోకి నడిచి, తర్వాతి తరాల చేతుల్లో జాజ్ అయ్యాయట.

"అయితే రెండూ ఒకటే గదా సార్!" అన్నాను ఉత్సాహంగా.

ఆయన ముఖం గట్టిపడింది. "ఒకటి గాదు నాయనా. ఈయమ్మలు పొద్దుగూకితే ఇంటికి పోతారు. అమెరికాలో వాళ్ళ సంకలో బిడ్డను గూడా లాక్కోని అమ్మినారు. పోలిక విను. కలిపేయొద్దు."

ఇంతలో ముందు పాడుతున్నామె కేకేసింది. "ఏంది సారూ, గట్టుమీద పాఠం చెప్తాండావు? పాట ఇన్నోడు బదులు పాడల్ల!"

సార్ పంచె ఎగ్గట్టి చేలోకి దిగి పాడారు. శ్రుతి ఎక్కడా కలవలేదు.

"పాడు సారూ, పాడు! నీ గొంతుకు పత్తి దానంతటదే రాలుతాంది, మాకు తీసే పని తప్పింది!"

అందరికంటే ఎక్కువగా ఆయనే నవ్వారు.

నాకు ముద్దనూరు దగ్గరి థర్మల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చిన ఏడాది సార్ వినికిడి తగ్గసాగింది. మొదట సన్నని శబ్దాలు పోతాయి. డ్రమ్ముల పక్కన చిరుజల్లులా పడే ఇత్తడి పళ్ళేల చప్పుడు, సింబల్స్, పోయాయి. తర్వాత ట్రంపెట్ పలచబడింది. చెవిలో మిషన్ పెడితే, "తగరం డబ్బాలో గులకరాళ్ళు" అని తీసేశారు. పాట కూడా పోతే ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఎలా ఉంటారోనని నాకు భయం పట్టుకుంది. పులివెందులలో చెవి డాక్టరు తీసిన గ్రాఫును ముందు పెట్టుకుని, ఏ స్థాయిలో ఎంత తగ్గిందో అక్కడ అంత పెంచేలా ఒక ఈక్వలైజర్ కట్టాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న సార్ కళ్ళు మెరిశాయి. "సింబల్ వినబడిందప్పా!" అని నా భుజం చరిచారు. కాసేపటికి హెడ్‌ఫోన్స్ తీసి, పాటను మళ్ళీ పాత స్పీకరుకు మార్చారు.

"బాగాలేదా సార్?"

"శానా బాగుంది. ఇన్నేండ్లూ పైన మెరిసేదానికే మురిసిపోయినా. అడుగున లావు తీగల మీద బేస్ వాయించే ఆయన్ను పట్టించుకోనే లేదు. అందరూ ఆయన మీదే నిలబడినారు. పైవన్నీ పోయినాక దొరికినాడు. కొన్నాళ్ళు ఆయన్ను విననీ. నీ మిషన్ యాడికీ పోదులే."

చెక్క స్పీకరు మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకున్నారు. నా చేయి కూడా లాగి పక్కన పెట్టించారు. బేస్ పలికినప్పుడల్లా చెక్క సన్నగా అదురుతోంది. నేను పోయిందని లెక్కగట్టిన చోట ఆయన కొత్త మనిషిని కనుక్కున్నారు.

సార్ పోయాక ఆయన సీడీలు నా దగ్గరికి చేరాయి. బేస్ వాయించేవారి పేరు చాలావాటిలో అట్టమీద ఉండదు. లోపలి కాగితంలో, చివర, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ పాట పెట్టినా ముందు ఆ కాగితం తీసి, ఆ పేరు పైకి చదువుతాను.