నలభై మీద అరవై

పోయిన నెల ఒక బేస్తవారం పొద్దున మా అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ వదిన లేదిగ," అన్నాడు. నేను ఏదో అడిగేలోపే పెట్టేశాడు. మా అన్నకు మాటలు తక్కువ. నాకు ఇంకా తక్కువ. మా ఇద్దరి వంతు మాటలు కూడా వదినే మాట్లాడేది.

పటాన్‌చెరులో బస్సెక్కి, రుద్రారం అవతల మా ఊళ్ళో దిగేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. కాళ్ళకు మొక్కి అక్కడే కూలబడ్డాను. మరిది ఎంత ఏడుస్తున్నాడో చూడండని ఎవరో అన్నారు. ఏడ్చిన మాట నిజమే. ఎందుకేడ్చానో ఆ రోజు అక్కడున్న వాళ్ళకెవరికీ తెలియదు. అది చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. నా జీవితంలో రాత అంటే చీటీల మీద అంకెలూ తారీఖులే. వాక్యాలు వంకరగా ఉంటే మన్నించండి.

ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. మా ఊరికీ సంగారెడ్డికీ నడుమ ఒక విత్తనాల కంపెనీ పొలం ఉండేది. ఇప్పుడు లేదు, ప్లాట్లు పడ్డాయి. అక్కడ పొద్దుతిరుగుడులో కొత్త రకాలు తీసేవాళ్ళు. తల్లి వరస అనుకున్న పువ్వులోంచి పొద్దు పొడిచే వేళకే మగ భాగాలను చిమటాతో ఒక్కొక్కటిగా గిల్లి తీసేయాలి. మరునాడు తండ్రి వరస పుప్పొడి తెచ్చి దూదితో అద్దాలి. పైన గుడ్డ సంచి కట్టి చీటీ వేలాడదీయాలి. ఏ వరస మీద ఏ వరస పుప్పొడి, ఏ తారీఖు, ఎన్ని గంటలకు అన్నది ఆ చీటీయే చెప్తుంది. రాసేది నేను. చేసేది ఆడకూలీలు. అందులో మా వదిన చేతిని మించిన చేయి లేదు. చిన్నప్పుడు బీడీలు చుట్టిన వేళ్ళు. ఆమె చిమటా పెట్టిన పువ్వు ఎక్కడా కమిలేది కాదు.

ఒక యేడు అర్జెంటీనా నుంచి ఒకావిడ వచ్చింది. ఈ పనిలో పెద్ద చదువు చదివిన మనిషి. భాష స్పానిష్. ఇంగ్లీషు ఆవిడకు అంతంత మాత్రం. మా ఇన్‌చార్జి సారుకు ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ ఆయన బూట్లకు మట్టి అంటనిచ్చే మనిషి కాదు. దాంతో మడిలో ఆవిడ చేతులు తిప్పుతూ తన భాషే మాట్లాడేది. సెన్యోరా అని పిలవమంది. మా వాళ్ళ నోళ్ళలో అది రెండో రోజుకే సిన్నోరమ్మ అయింది.

"గింత పొడుగు మనిషికి సిన్నోరమ్మ ఏందే? పెద్దోరమ్మ అనుండ్రి," అని వదిన నవ్వించేది.

ఆవిడ వరసల మధ్యన నిలబడి "ఎంత్రె, ఎంత్రె" అంటుంటే ఒకామె ధర అడుగుతోందనుకుని, "యేది ఎంతమ్మా?" అంది. నడుమ అని దాని అర్థమని కనిపెట్టింది వదినే. ఆవిడ వెంట వరస వరసా నడుస్తూ పువ్వులు లెక్కపెడుతూ నెల తిరక్కుండా నూరు దాకా అంకెలు పట్టేసింది. బడి మెట్టెక్కని మనిషి. వరసల మొదట్లో పాతిన కట్టెల మీది అంకెలు మాత్రం గుర్తుపట్టేది, అది కూడా పనిలో చేరాక నేర్చుకున్నదే.

నాకేమో రాలేదు. ఆవిడను అడగాలంటే నోరు పెగిలేది కాదు. చీటీ రాసేవాడికి ఆవిడ చెప్పే అంకెలు అర్థం కాకపోతే ఉద్యోగం ఉంటుందా? చివరికి ఒక సాయంత్రం వదిన రొట్టెలు కొడుతుంటే పొయ్యి దగ్గర కూర్చుని గొణిగాను.

"ఏం మరిదీ, మాటకు కిరాయి అడుగుతున్నరా ఎవరన్న? జెర గట్టిగ అడుగు."

అడిగాను. ఆ రోజు నుంచి ఆమె నాకు పంతులమ్మ. పిండి చేత్తో గాల్లో అంకెలు గీసి చెప్పేది. "ఊనో, దోస్, త్రేస్. దోస్ అంటే దోసకాయ యాదికుంచుకో. ఓచో అంటే ఎనిమిది. ఎనిమిదో ఆమె ఒచ్చె, ఓచో. అయిపాయె." వారాల దగ్గర ఆమెకు పండగే. లూనెస్ సోమవారం, మార్తెస్ మంగళవారం. "సూసినవా, మంగళారం మార్తెస్, రెండిట్ల 'మ' ఉన్నది. వాళ్ళు మనకేదో సుట్టమైతరు!" టైము చెప్పినప్పుడైతే చేతిలో రొట్టె ఆగిపోయింది. రెండుకు పావు తక్కువ అనడానికి వాళ్ళు దోస్ మేనోస్ క్వార్తో అంటారట. "అచ్చం మన తీరుగనే, పావు తక్కువ అంటరు మరిదీ!"

ఒక్క చోట మాత్రం నన్ను ఆపి ఆపి చెప్పింది. సర్వ మీద మూత పెట్టి చూపించింది.

"సర్వ మీద మూత. గిది మన మాట. 'మీద' యాడ నిలబడ్డది?"

"సర్వ ఎనక."

"ఆఁ. ఇగ సిన్నోరమ్మ మాట ఇను. మూత సోబ్రే సర్వ. సోబ్రే అంటే మీద. గది సర్వకు ముంగట నిలబడ్డది. అయినగాని పైనున్నది మూతనే."

"మూత మీద సర్వ అన్నట్టుంది గదా."

"గట్ల సదివినవనుకో, మీ అన్న అన్నం పొయ్యిల పడ్తది," అని సర్వను మూత మీద బోర్లించబోయింది. గడపలో కూర్చున్న మా అన్న ఉలిక్కిపడి లేచాడు. ముగ్గురం నవ్వాం. నేను అంత గట్టిగా నవ్విన సందర్భాలు తక్కువ.

ఆ అంకెలతో నా పని నిలబడింది. ఎలా నేర్చుకున్నావని ఇన్‌చార్జి సారు మెచ్చుకుంటూ అడిగితే, "గట్లనే సార్" అన్నాను. వదిన పేరు చెప్పలేదు. మొదటి తప్పు అదే. చిన్నదే కదా అనుకున్నాను.

కొన్నాళ్ళకు సిన్నోరమ్మ వారం రోజులు వేరే పొలానికి పోవాల్సి వచ్చింది. వదిన వాళ్ళు అప్పటికి దూరపు మడిలో ఉన్నారు. జీపులో ఒక కాలు పెట్టి ఆవిడ నాకు చెప్పింది: "క్వారెంతా సోబ్రే సెసెంతా." రెండుసార్లు చెప్పింది. నలభయ్యో వరస పుప్పొడి అరవయ్యో వరస మీద వేయమని. ఆ యేడు ఆవిడకు అన్నిటికన్నా ముఖ్యమైన జత అదే. దాని కోసమే అన్ని సముద్రాలు దాటి వచ్చిందని సారు చెప్పేవాడు.

నేను విన్నది విన్నట్టే కాగితం మీద పెట్టాను. నలభై, మీద, అరవై. నలభై మీద అరవై. తెలుగులో చదివితే నలభయ్యో వరస మీద అరవయ్యో వరస పుప్పొడి. తల్లి తండ్రయింది, తండ్రి తల్లయింది. రాసేటప్పుడు సర్వా మూతా నాకు గుర్తుకే రాలేదు.

కాగితం మీది అంకెలు చూసి వదిన ఆగింది.

"మరిదీ, ఆమె అన్నది అన్నట్టు జెప్పు."

చెప్పాను.

"అట్లయితే అరవై మీద నలభై గాదా? సోబ్రే ముంగటొస్తది అని జెప్పిన గద."

చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. అందరూ నా మొహమే చూస్తున్నారు. నాకెక్కడ లేని రోషం వచ్చింది. "సదువుకున్నది నువ్వా, నేనా?" అన్నాను. ఎప్పుడూ పెగలని నోరు ఆ రోజు పెగిలింది. ఎవరో కిసుక్కున నవ్వారు. వదిన కాగితం వైపు మళ్ళీ చూడలేదు. చిమటా తీసుకుని నలభయ్యో వరసలోకి నడిచింది.

సిన్నోరమ్మ తిరిగి వచ్చేసరికి అరవయ్యో వరస పువ్వులు ముదిరిపోయి తలలు వంచాయి. సంచులన్నీ నలభై మీద ఉన్నాయి. ఆవిడ చీటీలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అరవలేదు. గట్టు మీద కూర్చుని అరచేతుల్లో మొహం పెట్టుకుంది. మళ్ళీ విత్తి, పూత దాకా ఆగడానికి ఆవిడ దగ్గర టైము లేదు. ఇంకో నెలలో తిరిగి పోవాలి.

సారు మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. ముందు నన్నే అడిగాడు.

"నువ్వు సరిగ్గ రాసినవా?"

"ఆ సార్."

"అంటే వీళ్ళే తారుమారు చేసిండ్రా?"

నేను తల వంచుకున్నాను. అవునని అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. వంచిన తలను సారు అవుననే చదువుకున్నాడు. ఆ కాగితం అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది. ఎవరూ అడగలేదు. నేను తీయలేదు.

"ఈ మడికి ముఖ్యురాలు ఎవరు?" అన్నాడు సారు.

వదిన ఒక అడుగు ముందుకు వేసింది. నా వైపు చూసింది. కోపంగా కాదు. తరగతిలో పంతులు ఒక పిల్లవాణ్ణి లేపి, జవాబు వీడికి తెలుసు, ఇప్పుడు చెప్తాడు అని ఎదురుచూసినట్టు చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

మరునాటి నుంచి ఆమెను కలుపు మడికి పంపారు. చిమటా చేతికివ్వలేదు. సిన్నోరమ్మ ఆమెను పర్మనెంట్ చేయమనీ, కొత్తవాళ్ళకు పని నేర్పే మనిషిగా పెట్టమనీ అంతకు ముందే సారుతో మాట్లాడి ఉంచింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆ యేడు చివర పర్మనెంట్ అయింది నేను. ఆర్డరు చేతికొచ్చిన రోజు వదిన సేమియా పాయసం వండింది. నేను తిన్నాను. అదెలా మింగుడుపడిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సిన్నోరమ్మ పోయే ముందు కలుపు మడికి వచ్చి వదిన చేతులు రెండూ పట్టుకుని ఏదో అడిగింది. నేను పంపుసెట్టు గది నీడలో ఉన్నాను, వినపడలేదు. వదిన తల అడ్డంగా ఊపింది. నా పేరు చెప్పమని అడిగిందో, తప్పు నీదేనా అని అడిగిందో, అదేమీ కాక మామూలు వీడ్కోలేనో. తర్వాత ఎన్ని సందర్భాలొచ్చినా వదినను అది అడిగే ధైర్యం నాకు రాలేదు.

అటు తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసిందా అంటే అదీ లేదు. పండగకు పోతే, "ఏం మరిదీ, ఇయ్యాల మార్తెసా, మియెర్కొలెసా?" అని ఎప్పటిలాగే ఆట పట్టించేది. ఇరుగుపొరుగు పిల్లలకు కూడా దోస్, త్రేస్ నేర్పింది. కలుపు కత్తితో వేళ్ళు మొద్దుబారాయని, సూదిలో దారం ఎక్కడం లేదని మాత్రం ఒకసారి అన్నతో అంటుంటే విన్నాను. అరవై దగ్గరకు వచ్చినప్పుడు పిల్లలకు మెల్లగా, రెండుసార్లు చెప్పించేది. నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

ఊళ్ళో మాత్రం ఆ మాట నిలిచిపోయింది. అంకెలు తారుమారు చేసి మంచి పని పోగొట్టుకుందని. మా అన్న కూడా అదే నమ్మాడు. "సదువు లేకపాయె, ఏం జేస్తది," అనేవాడు ఆమె ముందే. ఆమె రొట్టె తిప్పుతూ ఉండేది.

చివరిసారి సంగారెడ్డిలో ఆసుపత్రిలో చూశాను. మధ్యాహ్నం. అన్న మందులకు పోయాడు. గదిలో ఇద్దరమే. ఈ రోజు చెప్పేస్తాననుకునే బస్సెక్కాను. మాటలు వరసపెట్టి పెట్టుకున్నాను కూడా.

"వదినా, గా పొద్దు మడిల..." అన్నాను.

ఆమె కళ్ళు తెరిచింది.

"సారు అడిగిన రోజా?"

"ఆ."

"నువ్వే జెప్తవని సూసిన మరిదీ. ఆ రోజు సూసిన. తెల్లారి సూసిన. బేస్తారం దాకా సూసిన." కొంచెం ఆయాసపడి ఆగింది. "అటెంక కలుపు ఎక్కువుండె. మర్శిన."

మరచిపోయిన మనిషి బేస్తవారం దాకా అని చెప్తుందా? తప్పు నాదే వదినా అనాలి. మూడు మాటలు. నా నోరు తెరుచుకుంది. అంతలో అన్న మందుల సంచితో లోపలికి వచ్చాడు. నేను లేచి సంచి అందుకున్నాను. ఆమె నవ్వి అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆమెను వాకిట్లోనే చూశాను.

దినాల ముందు రోజు పొద్దున ఇంటికి పోయాను. మరునాటి వంటకు అన్న వాకిట్లో చాప మీద చిక్కుడుకాయలు గుమ్మరించుకుని కూర్చున్నాడు. ఏనాడూ ముట్టని పని. పక్కింటాయన వచ్చి వదిన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, "చెయ్యి మంచిదే గని, పాపం గా అంకెల కాడ దెబ్బతిన్నది," అని లేచిపోయాడు.

అన్న తల ఊపాడు.

"అన్నా, గా తప్పు వదినది గాదు," అన్నాను. "నేను రాసిన కాయితం తప్పు. ఆమె వద్దన్నది, నేను ఇన్లే. సారు అడిగితే అబద్ధమాడిన."

అన్న చేతులు ఆగాయి. రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సు ఒకటి ఆగి, షిఫ్టు వాళ్ళను ఎక్కించుకుని పోయింది.

"ఆమెకు ఎరుకేనా?"

"ఎరుకే."

"నేను ఆమెను సదువు లేనిదని ఎన్నిసార్లన్న," అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన కుప్పలో సగం చేత్తో నా వైపు తోశాడు.

"తెంపు," అన్నాడు.

చాప అంచున కూర్చుని తెంపుతున్నాను. కొసలు గిల్లి, రెండు వైపులా నార లాగి, ముక్కలు పళ్ళెంలో వేస్తున్నాను. కాసేపటికి చూస్తే అన్న తన కుప్ప వదిలేశాడు. నేను పళ్ళెంలో వేసిన ముక్కలను ఒక్కొక్కటే తీసి, కళ్ళ దగ్గరగా పట్టుకుని, ఎక్కడన్నా నార మిగిలిందేమోనని వేలితో తడిమి చూస్తున్నాడు.