అంతా అయిపోయిందన్న థ్రాల్ గారు

ఎల్నాథన్ థ్రాల్ గారి నోటి నుంచి మంచిమాట విన్నవాళ్లు కోల్డ్‌ఫోర్డ్‌లో ఎవరూ లేరు. కనెక్టికట్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఆయన్ని అమెరికా కాంగ్రెసు సభకు ఎన్నుకున్న రోజున ఆయన కృతజ్ఞతలు ఇలా చెప్పుకున్నారు: "నన్ను పంపుతున్నారంటే ఊళ్లో ఇంక మనుషులు లేరన్నమాట. మన పని అయిపోయింది."

ఇంగ్లండు రాజు పాలన నుంచి స్వాతంత్ర్యం ప్రకటించారని చర్చి గంటలు మోగుతుంటే, "కాస్త మెల్లిగా కొట్టండయ్యా, ఉరి తీసేవాడికి దారి తెలిసిపోతుంది" అన్నారు. యుద్ధం గెలిచామని కబురొస్తే భోజనం మానేసి పడుకున్నారు.

"గెలిచాం కదా అన్నయ్యా" అంది చెల్లెలు మెహిటబెల్.

"అదేనమ్మా నా బాధ. ఇన్నాళ్లూ ఏం చెడినా రాజుగారిని తిట్టుకున్నాం. ఇకమీదట ఎవర్ని తిట్టుకుంటాం?"

భర్త పోయాక మెహిటబెల్ అన్న ఇంటికే వచ్చి ఉంటోంది. ఇంటి పనికంటే ఆవిడకు బయటి పనే ఎక్కువ. పెళ్లికి వెళ్తే ఆయన పెళ్లికొడుకు దగ్గు ఎన్నాళ్లనుంచి ఉందని అడిగేవారు. బారసాలకు వెళ్తే బిడ్డ నుదురు చూసి నిట్టూర్చేవారు. ఆయన ముందు నడుస్తూ జనం గుండెల్లో రాళ్లు వేస్తుంటే, ఆవిడ వెనకాలే ఆపిల్ రొట్టెలు పట్టుకెళ్లి క్షమాపణలు చెప్పుకునేది.

యుద్ధం ముగిశాక వచ్చిన వసంతంలో ఆ ఊళ్లోనే ఉండే కెజైయా లూమిస్ మంచం పట్టింది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు జేబెజ్ యుద్ధమంతా చేసి, తీరా ఇంటికి బయల్దేరే ముందు సైనిక శిబిరంలో జ్వరంతో పోయాడు. పాదిరీ గారు వచ్చి ఓదార్చారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేతులు పట్టుకుని ఏడ్చారు. కెజైయా మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. తిండి ముట్టలేదు.

థ్రాల్ గారు టోపీ పెట్టుకోవడం చూసి మెహిటబెల్ తలుపుకు అడ్డంగా నిలబడింది. "నీకు దణ్ణం పెడతాను అన్నయ్యా. అక్కడికి మాత్రం వద్దు."

ఆయన వినలేదు. ఆవిడా వెంట వెళ్లింది.

చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఆయన ఇల్లంతా కలియజూశారు. "అయిపోయింది. వచ్చే చలికాలానికి ఈ కప్పు ఉండదు. ఆవు ఎండాకాలం దాటదు. ఈ పొయ్యి కట్టినవాడెవడో గానీ, పొగంతా ఇంట్లోకే."

మెహిటబెల్ కళ్లు మూసుకుంది.

మంచంమీంచి గొంతు వినిపించింది. "అది మా ఆయన కట్టింది."

"అనుకున్నాను."

"దాన్నుంచి ఇంట్లోకి పొగ రాదు."

"రాజేస్తే గదమ్మా తెలిసేది."

కెజైయా లేచింది. దుప్పటి భుజాన వేసుకుని పొయ్యి రాజేసింది. పొగ తిన్నగా పైకి పోయింది.

"చూశారా?"

"పొగ సంగతి సరే. దీనిమీద రొట్టె మాత్రం కాలదు."

మొక్కజొన్న పిండి కలిపింది. రొట్టె కాలింది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించారు. "ఉప్పు లేదు."

"ఉంది."

"లేదమ్మా. నువ్వే తిని చూడు."

ఉప్పుందని నిరూపించడానికి కెజైయా ఒక ముక్క తింది. అనుమానం తీరక ఇంకోటి తింది. తింటూనే ఆయన్ని తిట్టింది. "మీరసలు మనిషేనా థ్రాల్ గారూ? జేబెజ్ ఈ రొట్టె కోసం పడి చచ్చేవాడు" అంటూ, కొడుకు పేరు తన నోటే విని, అప్పుడు ఏడ్చింది. మెహిటబెల్ వెళ్లి దగ్గరికి తీసుకుంది. ఆయన పొయ్యివైపే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి నడుస్తుంటే చెల్లెలు అడిగింది. "కావాలనే చేశావు కదూ?"

"ఓదార్చేవాళ్లు ఊరినిండా ఉన్నారు. పోట్లాడ్డానికి ఒకడైనా ఉండొద్దూ?" అన్నారాయన. ఆ వెంటనే, "అయినా ఆ కప్పు మాత్రం నిజంగానే ఉండదు" అన్నారు.

రెండోవారం కెజైయా తల దువ్వుకుని వాళ్ల గుమ్మంలో నిలబడింది. "రేపు పొలం దున్నిస్తున్నాను. ఏమంటారో అనండి, విని పోతాను."

"వానలు పడవు. విత్తనం మొలవదు. నీ ఎద్దు సగం చాల్లోనే కూలబడుతుంది. మావి తోలుకుపో, ఎలాగూ వాటికీ రోజులు దగ్గరపడ్డాయి."

బలంగా నిగనిగలాడుతున్న ఆ జత ఎడ్లను కెజైయా తోలుకుపోతుంటే, మెహిటబెల్ పరుగున వెనకాలే వెళ్లింది. ఈసారి క్షమాపణ చెప్పలేదు.

"రేపు మధ్యాహ్నం అన్నయ్య పొలానికి వస్తానన్నాడు. చాళ్లు వంకరగా ఉన్నాయంటాడు. గట్టిగా సమాధానం చెప్పు" అంది.