శుభ శుక్రవారం నాటి ఎర్ర గుడ్డ

మొన్న రాయచూరుకు తిరిగి వస్తుంటే బస్సు కృష్ణా నది వంతెన దాటి పవర్ ప్లాంటు పక్కగా మళ్లింది. కిటికీ అద్దం సగం వరకే మూసుకుంటోంది. ఎదురుగాలికి సన్నటి బూడిద లోపలికి కొట్టింది. పెదవులు తడుపుకుంటే పళ్ల మధ్య కరకరమంది. ఆ రుచి తగలగానే నాకు సువార్తక్క చేతులు గుర్తొచ్చాయి. ఇంట్లో ప్రతి వస్తువు మీదా పాత దుప్పటి కప్పి, వాడే ముందు దులిపి, అరచేత్తో ఒకసారి నిమిరి చూసుకునే చేతులవి. ఆమె మీకెవరికీ తెలియదు. వండింది, బట్టలు కుట్టింది, చర్చి ఊడ్చింది, అంతే. కాని నా పద్దెనిమిదో ఏట ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమెను చూస్తూ నేను కొయ్యబారిపోయాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నిమిషం నన్ను వదల్లేదు.

ప్లాంటులో కొత్త పొగగొట్టాలు లేస్తున్న రోజులవి. మా నాన్న రాయచూరు బజారులోని ఉమ్మడి దుకాణం నుంచి విడిపోయి ప్లాంటు కాలనీ గేటు ముందు కిరాణం పెట్టాడు. సువార్తక్క భర్త యేసుదాసు గారు ప్లాంటులో ఫిట్టరు. గుంటూరు వైపు నుంచి వచ్చారు, పిల్లలు లేరు. అటునుంచి పనికి వచ్చిన లూథరన్ కుటుంబాలు ఓ పాతిక కలిసి కాలనీ బయట రేకుల షెడ్డు వేసుకుని చర్చి చేసుకున్నాయి. ఆ చర్చిలో జీతం లేని పనులన్నీ అక్కవే. ఆరాధన నడిపే పాస్టరు అయ్యగారి తెల్ల అంగీ ఉతికి ఇస్త్రీ చేసేది. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం గిన్నెలు తోమేది. సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ గౌన్లు తనే కుట్టేది. ప్రార్థన జరిపే బల్లను బలిపీఠం అంటారు; దాని మీద ఏ కాలానికి ఏ రంగు గుడ్డ పరవాలో ఆమెకు నోటికి తెలుసు.

ఇంటర్ తప్పిన నన్ను మా అమ్మ కుట్టు నేర్చుకోమని ఆమె దగ్గరికి పంపింది. మొదటి వారమే నేను కుట్టిన లంగా అంచును ఆమె రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగింది. సగంలో వేళ్లు ఆగాయి.

"ఇక్కడ నీ మనసు ఎటో పోయిందమ్మాయ్. విప్పు."

"ఏమి కనవడ్తలేదు గదక్కా."

"కట్టుకునేవాళ్లకి తగులుతుంది. విప్పి మళ్లీ కుట్టు."

విప్పాను. ఆమె కోప్పడేది కాదు, వదిలేదీ కాదు. ఏడాది గడిచేసరికి నా కుట్టు నిలబడింది. ఆ ఏడాదిలో ఆమెకు కొన్ని కొత్త అలవాట్లు వచ్చాయి. సూదిలో దారం నాచేతే ఎక్కించేది. టేపు మీద అంగుళానికొక దారపు ముడి కుట్టుకుంది. గుడ్డ ముక్క నా ముందుకు చాపి, "ఇదేం రంగు, చెప్పు," అని అడిగేది. చిలకపచ్చా, ఆకుపచ్చా అని మళ్లీ అడిగేది. నేర్పేవాళ్లు అట్లా పరీక్ష పెడతారనుకున్నాను. ఒక్కోసారి విసుగొచ్చేది. "ఏందక్కా, చిన్నపోరిని అడిగినట్ల అడుగుతవ్," అంటే నవ్వేది. చర్చికి నడిచేటప్పుడు నా చెయ్యి పట్టుకునేది. అది నా మీద ప్రేమ అనుకుని మురిసిపోయేదాన్ని.

ఆ సంవత్సరం చర్చికి కొత్త గుడ్డలు కుట్టాం. రాయచూరులో ఒకే దుకాణంలో ఒకే రకం మఖమలు తెచ్చి, నల్లదీ ఎర్రదీ ఒకే కొలతకు కత్తిరించి, అంచులు నేనే కుట్టాను. నలుపు ఏసు చనిపోయిన శుక్రవారానికి. ఎరుపు ఆ తర్వాత వచ్చే పెంతెకొస్తు పండుగకు.

శుక్రవారానికి ముందు రోజు మా మేనత్త కూతురు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. ఇద్దరం గాజులకు రాయచూరు పోవాలని అనుకున్నాం. బస్సు వచ్చే వేళకు అక్క పిలిచింది.

"కమలా, పెట్టెలోంచి నల్ల గుడ్డ తీసివ్వమ్మా. పొద్దున్నే పరవాలి."

గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. పెట్టె మూత ఎత్తి, చేతికి తగిలిన మఖమలు లాగి ఆమె ఒడిలో పడేశాను.

"నల్లదేనా?"

"ఆఁ, నల్లదే," అన్నాను వాకిట్లోంచే, చెప్పులు వేసుకుంటూ.

మర్నాడు మధ్యాహ్నం ఆమె చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకుపోయి, ఆడవాళ్ల వెనక చాప మీద కూర్చున్నాను. తెల్లవారుజామునే ఆమె గుడ్డ పరిచి, బూడిద పడకుండా పైన దుప్పటి కప్పి వచ్చింది. ఆరాధన మొదలయ్యే ముందు ఆ దుప్పటి తీయడం కూడా ఆమె పనే. అందరూ తెల్లబట్టల్లో, తలలు వంచుకుని ఉన్నారు. అక్క మెల్లగా ముందుకు నడిచి, దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్కసారిగా లాగింది.

తలుపులోంచి పడుతున్న ఎండలో ఎర్ర మఖమలు భగ్గుమంది.

అయ్యగారి చేతిలో పుస్తకం తెరిచి అట్లాగే ఉండిపోయింది. అక్క దుప్పటిని నాలుగు మడతలు వేసి చంకన పెట్టుకుంది, బలిపీఠం వైపు తిరిగి తల వంచి దణ్ణం పెట్టుకుంది, వచ్చి తన చోట కూర్చుంది. ఆమె ముఖంలో ఏ తేడా లేదు. ఎర్ర గుడ్డకు నాలుగడుగుల దూరంలో నిలబడి, దాని వైపే చూసి, ప్రశాంతంగా తిరిగొచ్చింది.

చిలకపచ్చా ఆకుపచ్చా అన్న మాటలు, టేపు మీద ముడులు, నా చేతిని పట్టుకున్న చెయ్యి అన్నీ ఒకేసారి నా మీద వచ్చి పడ్డాయి. ఏడాదిగా ఆమె నన్ను పరీక్షించలేదు. నన్ను అడుగుతోంది. నిజంగా తెలియకనే అడుగుతోంది.

అయ్యగారు ఏమీ అనకుండా ప్రార్థన మొదలుపెట్టారు. మూడు గంటలు సాగిన ఆ ఆరాధనలో నాకు ఒక్క మాట వినపడలేదు. ముగిశాక గుమ్మం దగ్గర సంఘ పెద్ద గారి భార్య రూతమ్మ గారు అక్కను ఆపారు.

"ఏంటి సువార్తమ్మా, ప్రభువు చనిపోయిన రోజున ఎర్ర గుడ్డ వేశావు?"

అక్క చంకలోని దుప్పటిని రెండు చేతులతో పట్టుకుంది. నా పేరు చెబుతుందని చూశాను. చెప్పలేదు.

"నా పొరపాటేనండీ," అంది.

"అంత ఎరుపు కనపడలేదా?"

"కనపడదండీ," అంది. "వెలుగూ నీడా తెలుస్తాయి. రంగులు తెలియవు."

పక్కనే చెప్పులు వెతుక్కుంటున్న యేసుదాసు గారు తలెత్తారు. ఆయనకూ తెలియదు. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషికి తెలియదు.

"ఎప్పట్నించి?" అన్నారు.

"ఏడాది పైనే అయింది."

ఆయన చెప్పులు వెతకడం మానేసి అక్కడే మెట్టు మీద కూర్చున్నారు. అప్పుడు నేను ముందుకొచ్చాను. "ఆ గుడ్డ నేనే ఇచ్చిన. బస్సు పోతదని చూడకుంట ఇచ్చిన. నల్లదే అని చెప్పిన," అన్నాను. ఇంకేదో అనబోతే ఏడుపొచ్చింది. రూతమ్మ గారు నన్నూ అక్కనూ మార్చి మార్చి చూసి, తల మీద కొంగు సర్దుకుని పక్కకు జరిగారు.

ఇంటికి నడిచేటప్పుడు అక్క ఎప్పటిలా నా చెయ్యి పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే కత్తెర లాక్కుంటారు. కూర్చోబెట్టి అన్నం పెడతారు. దానికి భయపడ్డాను." కొంత దూరం పోయాక మళ్లీ అంది, "ఏడాదిగా నీ కళ్లతో చూస్తున్నానే కమలా. నీకు చెప్పకుండా వాడుకున్నాను. అది నా తప్పు."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజంతా నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది అదే.

యేసుదాసు గారు రాయచూరులో డాక్టరుకు చూపించారు, తర్వాత హైదరాబాదు తీసుకెళ్లారు. కంటి నరం ఎండిపోయిందని, చాలా ఆలస్యమైందని రెండు చోట్లా చెప్పారు. సంఘంలో కొందరు బలిపీఠం పని వేరేవాళ్లకు ఇద్దామన్నారు. అయ్యగారు ఒప్పుకోలేదు. డాక్టర్లకు చూపించకముందే, ఆ శుక్రవారం తర్వాత వచ్చిన ఈస్టరు ఆదివారానికే, తెల్ల గుడ్డ ఆమే పరిచింది. ముందు నేను దాన్ని ఎండలోకి తీసుకెళ్లి, రెండు వైపులా తిప్పి చూసి, "తెల్లదక్కా," అని చెప్పాను. ఆమె "సరే" అంది. నిన్న కాక మొన్న మోసపోయిన మనిషి, మళ్లీ నా ఒక్క మాట మీద దాన్ని అందరి ముందూ పరిచింది.

ఇంకో ఆరేళ్లు బతికింది. నేను కత్తిరిస్తే ఆమె మిషను మీద కుట్టేది. వంకర లేకుండా వచ్చేది. పెళ్లయి నేను రాయచూరు వచ్చేశాక చక్కెర జబ్బు ముదిరి చనిపోయింది. కబురు ఆలస్యంగా అందింది. నేను వెళ్లేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయి ఉంది.

ఇప్పుడు నాకు సొంత కుట్టు దుకాణం ఉంది. ఈ దారం ఈ జాకెట్టుకు కలుస్తుందా అని ఎవరైనా అడిగితే కూర్చున్న చోటు నుంచి జవాబు చెప్పను. లేచి, రెండూ వాకిట్లోకి పట్టుకెళ్లి, ఎండలో పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను. నా దగ్గర పనిచేసే అమ్మాయిలకు ఇది చాదస్తం. గిరాకీ నిలబడి ఉంటే ఇంతసేపు ఏందమ్మా అని నవ్వుతారు. నవ్వనీ. అడిగే మనిషికి ఎంతవరకు కనపడుతుందో నాకెట్లా తెలుస్తుంది?