కావాల్సింది పైన రాయి

సున్నపు దుమ్ము మీద తొలి వాన పడితే ఒక వాసన లేస్తుంది. పిడుగురాళ్లలో పెరిగినవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. అది మట్టి వాసనలా మురిపించదు, గొంతులోకి దిగి గీరుతుంది. మొన్న ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే ఆ వాసన తగిలింది. వెంటనే నాకు కోపం వచ్చింది. పదేళ్లుగా ప్రతి జులైలోనూ అంతే. ఆ కోపం ఎవరిమీదో చెప్పేముందు, దాన్ని నాకు నేర్పిన శాంతకుమారి మేడం గురించి చెప్పాలి. ఆ పేరు పెట్టినవాళ్లు ఆవిడను పెద్దయ్యాక చూసి ఉండరు. గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై, మా వీధి చివర ఉండేవారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లి, వచ్చేటప్పుడు దారిలో కనబడిన పిల్లలందరినీ పేరుపేరునా తిడుతూ వచ్చేవారు.

పదేళ్ల కిందట నేను ఇంటర్ పూర్తిచేసిన ఏడు, మా బ్యాచ్‌లో ఎంసెట్ మార్కులు నాకే ఎక్కువ. ఇంటర్ మార్కులు మాత్రం అంతంతమాత్రం. నాలుగు పేజీలు రాయమన్న ప్రశ్నకు నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పి ఊరుకునేదాన్ని. జవాబు సరిగానే ఉండేది, మార్కులే ఉండేవి కావు. ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ మార్కులకు పావు వంతు వాటా ఉంటుంది కాబట్టి, అవి నా ర్యాంకును కాలుపట్టి కిందికి లాగాయి. "ఇంటర్‌లో రానిది ఎంసెట్‌లో ఎట్టొచ్చిందబ్బా, పక్కనోళ్లది చూసి కొట్టుంటది" అని వీధి అరుగుల మీద అనుకోవడం నా చెవిన పడింది. నేను ఏడ్చాను. మేడం ఏడవనివ్వలేదు. "ఏడిస్తే ర్యాంకు పెరిగిద్దా ఏందే? రేపు పొద్దున కాలేజీల జాబితా రాసుకుని రా, మీ నాన్నను కూడా తీసుకురా" అన్నారు.

కౌన్సెలింగ్‌లో మనకు కావలసిన కాలేజీల పేర్లు వరుసగా కంప్యూటర్లో పెట్టాలి. వెబ్ ఆప్షన్లంటే అవే. నేను అట్ట మీద కాగితం పెట్టుకుని ముప్ఫై పేర్లు రాసుకెళ్లాను. మేడం కళ్లజోడు సర్దుకుని, కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటిచ్చారో ఉన్న ప్రింటు ముందు వేసుకుని, ఎర్రపెన్నుతో కొట్టేయడం మొదలుపెట్టారు.

"ఇదెందుకు రాశావే?"

"పేరు బాగుంది మేడం."

"బాగుంటే రేపు నీ పిల్లకు పెట్టుకో. ఆ కాలేజీలో ల్యాబుకు తాళం తీయరు."

కొన్నిటి పక్కన 'రాదు' అనీ, కొన్నిటికి 'రావచ్చు' అనీ, కొన్నిటికి 'వచ్చిద్ది' అనీ రాశారు. రాదు అన్నవాటిలో మూడింటిని మాత్రం ఉంచారు. అప్పుడు ఆవిడ చూపు నా మొదటి పేరు మీద పడింది. ఎక్కడ సీటు పోతుందోనన్న భయంతో, తప్పకుండా వచ్చే చిన్న కాలేజీని అన్నిటికంటే పైన రాశాను. మా ఊళ్లో సగంమంది చేసే తప్పు అది.

"పిచ్చి మొహమా! మిషను పైనుంచి కిందికి చూసిద్ది. వచ్చేదాన్ని పైన పెడితే అదిచ్చి అక్కడే ఆగిపోయిద్ది. కావాల్సింది పైన రాయి. వచ్చేది కింద రాయి. ఇష్టంలేంది అసలు రాయబాక. నీకేం కావాలి?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న సున్నపు బట్టీలో మేస్త్రీ. ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

"ఏమే, అటు చూస్తావేందే? చదివేది ఆయనా?"

సివిల్ ఇంజనీరింగ్ కావాలని, అదీ యూనివర్సిటీ కాలేజీలోనే కావాలని, మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. మేడం నవ్వలేదు. పైన రాశారు. ఆ సాయంత్రమే నెట్ సెంటర్‌లో అదే వరుసలో ఆప్షన్లు పెట్టుకున్నాను.

ఆప్షన్లు మార్చుకోవడానికి చివరిరోజు మధ్యాహ్నం, నాన్న అన్నం తింటుంటే మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయన ఒక ప్రైవేటు కాలేజీ తరఫున ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించే మనిషి. "అన్నయ్యా, పాప పెట్టింది ఒకసారి సరిచూస్తా. పాస్‌వర్డ్ చెప్పు. ఫోనుకో నంబరొచ్చిద్ది, అదీ చెప్పు" అన్నాడు. నాన్న ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని ఒక్కొక్క అంకే చదివాడు. నేను పక్కనే కూర్చుని పెరుగు వేస్తున్నాను. విన్నాను. అడగాలనిపించింది. పెద్దవాళ్ల మాటల మధ్య దూరకూడదని ఊరుకున్నాను.

సీట్లు ప్రకటించిన రోజు నాకు బాబాయి కాలేజీ వచ్చింది. నేను పెట్టిన ఆప్షన్లు తెరిచి చూస్తే అన్నిటికంటే పైన అది ఉంది. మేడం రాసిన వరుస మొత్తం దాని కిందికి పోయింది. బాబాయి మిఠాయి పట్టుకుని వచ్చాడు. "మనోళ్ల కాలేజీ, భయమేముంది" అన్నాడు. సంగతి తెలిసి మా ఇంటికి వచ్చిన మేడం ఆ మిఠాయి డబ్బా తీసి గేటు బయట పెట్టారు. "ఆడపిల్ల నోటికాడ కూడు లాక్కుని మిఠాయి పంచుతావా? నీకు సిగ్గు లేదేందయ్యా?" అని వీధంతా వినబడేలా అరిచారు. తర్వాత నా వైపు తిరిగారు. నన్ను ఓదారుస్తారనుకున్నాను. "నీకు తెలుసా?" అని అడిగారు. తలూపాను. "వాడు దొంగ. మీ నాన్న అమాయకుడు. మరి నువ్వేందే?"

రెండో విడతలో మేడమే దగ్గర కూర్చుని, పాస్‌వర్డ్ మార్పించి, నేను టైపు చేస్తుంటే మొహం అటు తిప్పుకున్నారు. యూనివర్సిటీ కాలేజీలో సివిల్ సీట్లు అప్పటికే నిండిపోయాయి. జాబితాలో ఐదో పేరు వచ్చింది. అక్కడే సివిల్ చదివి ఉద్యోగం తెచ్చుకున్నాను. బాగానే ఉన్నాను. బాగానే ఉన్నావు కదా, ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడతావు అంటారు బంధువులు. మొదటి పేరు నాది కాకుండా పోయింది కాబట్టి. మేడం పోయి రెండేళ్లయింది. జులైలో మా వీధిలోని పిల్లలకు ఆ జాబితాలు ఇప్పుడు నేను చూసిపెడుతున్నాను.

మొన్న వానలో తడుస్తూ ఇంటికి చేరేసరికి వరండాలో బాబాయి కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన కూతురు, చేతిలో ర్యాంకు కార్డు. "ఎంసెట్‌లో చానా బాగా చేసిందమ్మా, ఇంటర్ మార్కులే తక్కువ. నీ అంత బాగా ఎవరు పెడతారు? నువ్వే పెట్టు" అన్నాడు. ఆయన మొహం చూస్తే నాకు ఒళ్లు మండింది. పొమ్మందామని నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల కాగితం నా ముందు పెట్టింది. అన్నిటికంటే పైన వాళ్ల నాన్న కాలేజీ పేరు ఉంది.

ఎర్రపెన్ను తీసి దాన్ని కొట్టేశాను. బాబాయి చేతిలోని ఫోన్ తీసుకుని పిల్ల చేతిలో పెట్టాను. "పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకో. ఎవరికీ చెప్పకు. మీ నాన్నకు అసలే చెప్పకు" అన్నాను. బాబాయి తల దించుకున్నాడు.

"నీకేం కావాలి?" అని అడిగాను. ఆ పిల్ల తండ్రి వైపు చూసింది.

"ఏమే, అటు చూస్తావేందే?" అని అరిచాను. "చదివేది ఆయనా?"