కఫన్ విభాగంలో మూడో గడి

ఆదోనిలో మా బట్టల కొట్టును ఆన్‌లైన్‌లో పెట్టే పని నా నెత్తిన పడింది. ఇంట్లో కంప్యూటర్ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మరి. ఫిల్టర్లు కట్టడం పెద్ద విద్యేం కాదు. పైన ఒక విభాగం, అది నొక్కితే లోపల చిన్నవి, వాటిలో ఇంకా చిన్నవి. ఎమ్మిగనూరు మగ్గం చీరలకు అంచు, రంగు, ధర అని గడులు పెట్టుకుంటూ పోయాను. తెల్లబట్ట దగ్గరే చిక్కొచ్చింది. పంచెలు, చొక్కాగుడ్డ, శవానికి చుట్టే కఫన్ గుడ్డ, అన్నీ దాని కిందే వేశాను. నొక్కితే అన్నీ కలిసి ఒకే వరసలో వచ్చాయి.

మా నాన్న చూసి ఫోన్ బోర్లా పెట్టేశాడు. ఇంట్లో ఉర్దూ అయినా కొట్లో మేం తెలుగే మాట్లాడుకుంటాం.

"పెండ్లిబట్టకు వచ్చినోనికి కఫన్ సూపిస్తావామ్మా?" అన్నాడు.

నిజమే. మా కొట్లో ఆ గుడ్డ వెనక అరలో ఉంటుంది. దానికి బేరం ఉండదు, ఇంకేమన్నా కావాలా అని అడగడమూ ఉండదు. అందుకని కఫన్‌కు వేరే విభాగం తీసి రెండు గడులు పెట్టాను. మగవాళ్ళకు మూడు ముక్కలు, ఆడవాళ్ళకు ఐదు. అక్కడితో ఆపేశాను.

నాన్న కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాడు. "పిల్లోల్లది యాడుంది?"

"అది వద్దులే" అన్నాను.

పోయిన రంజాన్‌కు ముందు నా బిడ్డ పుట్టిన వారానికే పోయాడు. ఆ రోజు నన్ను మంచం దిగనివ్వలేదు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఇప్పుడు ఆ గడి పెడితే, సరుకుందా లేదా అని రోజూ నేనే చూసుకోవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న వెనక అర వైపు చెయ్యి చూపించాడు.

"దానికోసం వచ్చినోల్లు నోటితో అడగలేరమ్మా. మొగం సూసి నేనే కత్తిరిస్తాను. ఫోను ఎవరి మొగం సూస్తాది? కౌతాళంలో ఒక తండ్రి ఎతికి ఎతికి, లేదనుకొని, మనకు ఫోన్ జేసి నోరు తెరిసి అడగాల్నా?"

'పసిపిల్లలు' అని టైపు చేశాను. కొలత వెయ్యనిదే ఆ గడి బయటికి కనబడదు. ఎంత వెయ్యాలని అడిగాను.

నాన్న నా వైపు చూడలేదు. గల్లాపెట్టె మీద రెండు చేతులూ ఎడంగా ఆనించాడు.

"వానికి ఇంతే పట్టినాది" అన్నాడు.

ఆ చేతుల మధ్య టేపు పెట్టి కొలిచాను. అంకె వేసి సేవ్ నొక్కాను. నా బిడ్డకు ఎంత గుడ్డ పట్టిందో నాకు అప్పుడే తెలిసింది.