బెత్తెడు తగ్గిన రాడ్డు

గోడ రోజుకొక వరుస లేస్తోంది. మద్దిలేటికి రోజుకొక ముద్ద తగ్గుతోంది.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే కాశప్ప, గిడ్డంగి పక్క సందు చివర జీపుకోసం షెడ్డు కట్టిస్తున్నాడు. ఇన్నాళ్లూ జీపు వీధిలోనే ఎండకు ఎండింది. ఇకమీదట నీడన ఉండాలని ఆయన ముచ్చట. సందు ఎంత ఇరుకంటే జీపు దూరితే పక్కన మనిషి కూడా పట్టడు. జీపును అందులోకి వెనక్కి నడుపుకుంటూ పోవాలి, లేదా ముందుకు పోయి వెనక్కి రావాలి. ఎట్లా చూసినా రివర్సు తప్పదు.

మద్దిలేటి ఆ జీపుకు డ్రైవరు. ఆరు నెలలుగా అతను జీపును ఒక్కసారి కూడా వెనక్కి నడపలేదు. ఈ సంగతి అతని భార్య భీమక్కకు తప్ప ఎవరికీ తెలియదు.

కిందటి దసరాకు, అంటే డెబ్బై తొమ్మిదిలో, పెళ్లికి పోతున్నానని కాశప్పకు చెప్పి అతను దేవరగట్టుకు పోయాడు. హొళగుంద దగ్గర పుట్టిన మనిషి, బన్ని ఉత్సవానికి కర్ర పట్టకుండా ఉండలేడు. ఆ కర్రల జాతరలో ఎవరి దెబ్బో ఎడమ మోచేతి మీద పడింది. అక్కడ దెబ్బ తగిలిన వాళ్లందరూ చేసినట్టే తనూ బండారు పసుపు అద్దుకుని, గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చాడు. నొప్పి నెలకు తగ్గింది. చెయ్యి మాత్రం మళ్లీ చాచుకోలేదు. కొడవలిలాగా వంగి, అక్కడే నిలిచిపోయింది.

జీపులో గేరు రాడ్డు ఎడమ చేతికుంటుంది. ముందుకు వంగితే రెండో గేరు అందుతుంది. రివర్సుతోనే వచ్చింది చిక్కు. రాడ్డును అవతలికి నెట్టి, ముందుకు తొయ్యాలి. పైగా ఆ జీపు పాతది. రివర్సు పడినా నిలవదు, ఎగిరి బయటికొచ్చేస్తుంది. అందుకని మెడ వెనక్కి తిప్పి, కుడిచేత్తో స్టీరింగు తిప్పుతూ, ఎడమచేత్తో రాడ్డును అదిమి పట్టుకునే ఉండాలి. మెడ వెనక్కి తిరిగిందంటే ఆ వంకర చెయ్యి రాడ్డుదాకా పోదు.

అందుకే అతను ఎక్కడికి పోయినా ముందే బయటికి పోయే దారి చూసుకునేవాడు. పత్తి మార్కెట్లో గేటు దగ్గరే, రోడ్డుకు ముఖం పెట్టి ఆపేవాడు. ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి మొత్తం చుట్టి వచ్చేవాడు. మద్దికెరలో ఒకసారి గోడకు ఎదురుగా ఇరుక్కుపోతే, బ్యాటరీ దిగిపోయిందని అబద్ధం చెప్పి నలుగురితో వెనక్కి తోయించుకున్నాడు.

షెడ్డుకు ఏ అబద్ధమూ దొరకలేదు.

"ఏమన్నా, షెడ్డు శానా బాగుండాది. నీ జీపు పడతాదా అందులో?" అన్నాడు యేసేపు, గిడ్డంగి ఎదుటి టీ అంగట్లో కూర్చుని. యేసేపు కూడా డ్రైవరే. నడిపే లారీ అమ్ముడుపోయి నాలుగు నెలలైంది. రోజూ పొద్దున వచ్చి అక్కడే కూర్చుంటాడు. నవ్వుతూనే మాట్లాడతాడు.

"పడకేం."

"ఒంటిచేత్తో పెట్టేస్తా నేనైతే."

మద్దిలేటి టీ సగంలోనే పెట్టేసి లేచాడు. ఒంటిచేత్తో అని వీడెందుకన్నాడు? ఊరికే అన్నాడా, ఏమైనా కనిపెట్టాడా? ఆ మాట మధ్యాహ్నందాకా చెవిలోనే తిరిగింది.

ఆ సాయంత్రం కాశప్ప గోడను అరచేత్తో తట్టి చూస్తూ, "శనివారం మంచిదంట. రేకులు గురువారం ఎక్కిస్తారు. శనివారం పొద్దున టెంకాయ కొట్టి, నువ్వు జీపును ఎనక్కి తెచ్చి పెడుదువు. నేను ఈడ నిలబడి సూస్తా," అన్నాడు.

"సరే సామీ."

"గోడకు గీత పడిందంటే సూడు మరి!"

ఇంటికి పోయాక భీమక్క మోచేతికి ఆముదం రాస్తూ, "ఆయప్పకు నిజం సెప్పేయరాదా?" అంది.

"సెప్తే ఏమైతాది? యేసేపు ఎదురుగానే కూసోనుండాడు. పిలిస్తే పలుకుతాడు."

భీమక్క ఆముదం సీసాకు బిరడా పెట్టింది. పన్నెండేళ్లుగా అతను చేస్తున్న పని డ్రైవరు పని ఒక్కటే అని ఆమెకూ తెలుసు.

మరునాడు మద్దిలేటి పీరా సాబ్ దగ్గరికి పోయాడు. పీరా సాబ్ ఇంటి ముందరే తాటాకు పందిరి కింద జీపులు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు. మద్దిలేటి చుట్టూ చూసి, చొక్కా చేయి పైకి లాగి మోచెయ్యి చూపించాడు. పీరా సాబ్ దాన్ని విరిగిన స్ప్రింగు పట్టీని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని నేను బాగుచెయ్యలేను బాబూ. రాడ్డునైతే చేస్తా."

"రాడ్డునేం చేస్తావు?"

పీరా సాబ్ నేలమీద మసిచేత్తో గీసి చూపించాడు. "రాడ్డు గుండు మీద ఆడతాది, తక్కెడ మాదిరి. గుండుకు కింద పొట్టి కాలు, పైన పొడుగు చెయ్యి. గుండు కింద ఇంత మందం ఇనుప కట్టు వేసి పైకి లేపి, కింద కాలును అంత పెంచినామనుకో, పైన చెయ్యి ఇంతే తిరుగుతాది. మూర తిరిగేది జానెడు తిరుగుతాది. గేరంతా ఒళ్లోనే పడతాది."

"పైన కూడా కోసేస్తే?"

"కొంచెం కొయ్యొచ్చు. ఎక్కువ కోస్తే బరువెక్కుతాది. పొట్టి రాడ్డుకు బలం కావాల. నువ్వు సీట్లో కూర్చోని, ఎంత పొడుగు అడ్డమొస్తాందో సూసుకుని నాకు సెప్పు. సెయ్యి నీది."

కట్టును ఆదోనిలో తిప్పిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మద్దిలేటి గురువారం నూలు కట్టలు తీసుకుని ఎమ్మిగనూరు పోయినప్పుడు అక్కడ లేతు నడిపే లక్ష్మప్ప చేత తిప్పించాడు. లక్ష్మప్ప పని చేస్తున్నంతసేపూ అతను నిలవలేక లేతు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"ఎందుకప్పా తిరుగుతావు, కాలి కింద నిప్పుందా?" అన్నాడు లక్ష్మప్ప తల ఎత్తకుండా.

తిరిగి వచ్చేటప్పుడు దారిపొడవునా ఆ కట్టును జేబులో తడుముకుంటూనే ఉన్నాడు. ఊరు చేరేసరికి షెడ్డు మీద రేకులు ఎక్కేశాయి. ఎండకు తళతళలాడుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం జీపు రేడియేటరు కారుతోందని కాశప్పకు చెప్పి పందిరి కిందికి తెచ్చాడు. పీరా సాబ్ లేడు, నమాజుకు పోయాడు. ఆయన భార్య బషీరాబీ వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"బీబమ్మా, సాబ్ వస్తే సెప్పు. ఇదిగో కట్టు. పైన రాడ్డు బెత్తెడు తగ్గించమను. బెత్తెడే. నేను రేకుల మనుషులకు సామాను బండికెక్కించి సాయంత్రం వస్తా."

"బెత్తెడు. సెప్తాలే అన్నా, పో."

సామాను ఎక్కిస్తున్నంతసేపూ అతని మనసు పందిరి కిందే ఉంది. నాలుగు గంటలకు పరుగున వచ్చాడు. జీపులోకి తొంగిచూసి, అక్కడే నిలబడిపోయాడు.

రాడ్డు మోకాటి దగ్గర మొలకలాగా నిక్కి ఉంది. పైన నల్ల పిడి, కింద కొత్త అతుకు. అంతే.

"ఇదేంది సాబ్?"

"నువ్వు సెప్పిందే. కూర్చో, ఎట్లుందో సూడు."

కూర్చున్నాడు. పట్టుకోవడానికి నడుము వంచాల్సి వచ్చింది. ఇంజను వేసి రివర్సుకు తోశాడు. దూరం నిజంగానే తక్కువ, కానీ రాడ్డు రాయిలాగా ఉంది. రెండోసారికి పడింది. క్లచ్చు వదిలి రెండడుగులు పోయాడో లేదో, రాడ్డు ఎగిరి అరచేతిని కొట్టింది. మళ్లీ అదిమాడు. మళ్లీ కొట్టింది.

"బెత్తెడు తగ్గించమంటే మొత్తం నరికేస్తివి కద సాబ్!"

"బెత్తెడా?" పీరా సాబ్ బొటనవేలు, చిటికెనవేలు చాచి రాడ్డు మీద పెట్టి చూపించాడు. "ఒక బిత్తా అని కద సెప్పింది! సరిగ్గా కొలిచే కోసినా."

"అది జాన సాబ్! బెత్తెడంటే ఇది!" మద్దిలేటి నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి, అడ్డంగా పెట్టి చూపించాడు.

ఇద్దరూ ఒకేసారి వాకిలి వైపు చూశారు. బషీరాబీ చేతిలో చేట ఆగిపోయింది. వాళ్లింట్లో మాట్లాడే ఉర్దూలో బిత్తా అంటే జాన. మద్దిలేటి బెత్తెడు అనగానే, ఈయప్పకు ఉర్దూ నోరు తిరగక అట్లా అంటున్నాడనుకుని, భర్తతో 'ఏక్ బిత్తా కాట్నా బోల్కే బోలా', అంటే జానెడు కొయ్యమన్నాడని దిద్ది చెప్పింది.

"నలభై ఏండ్లుగా ఈ ఊర్లో ఉండావు, బెత్తెడు తెలీదా?" అన్నాడు పీరా సాబ్.

"నాకు పూలు మూరకమ్ముతారు, గుడ్డ గజానికమ్ముతారు. బెత్తెడుకు నాకెవరమ్మినారు?" అంది ఆమె. "నువ్వు మెకానిక్కువి కద, అంత కొయ్యాల్నా అని నీకన్నా రావొద్దా?"

"వచ్చింది. సెయ్యి ఆయప్పది, ఆయప్పకే తెలుసునని కోసినా."

మద్దిలేటికి ఆ వాదన వినబడటం లేదు. ఎండ పందిరి నిట్రాడు దాటింది. రేపు పొద్దున టెంకాయ. వేరే రాడ్డు కర్నూలులోనో బళ్లారిలోనో తప్ప దొరకదు. "కోసిన ముక్క యాడుండాది?" అన్నాడు.

పీరా సాబ్ నేలమీద వెతికాడు. సామాను కింద వెతికాడు. బషీరాబీ లేచి లోపలికి పోయి, ఆ ముక్కను కొంగుతో తుడుస్తూ తెచ్చింది. అల్లం వాసన కొట్టింది.

"దంచేదానికి బాగుండాదని తీసుకున్నా," అంది.

పీరా సాబ్ నవ్వబోయి, మద్దిలేటి ముఖం చూసి ఆపేశాడు. ముక్కను చేతిలోకి తీసుకుని, రాడ్డు వైపూ మద్దిలేటి మోచేతి వైపూ మార్చి మార్చి చూశాడు.

"కోసింది కోసినాం. అతికేది ఉన్నదున్నట్టు ఎందుకతకాల? సీట్లో కూర్చో. మెడ ఎనక్కి తిప్పు. రివర్సులో పోతాండావనుకో. ఎడమ చెయ్యి వదిలెయ్. అది యాడ నిలబడతాదో ఆడ నిలబడనీ."

మద్దిలేటి మెడ తిప్పి చెయ్యి వదిలేశాడు. అది తన అలవాటు చొప్పున వంగి గాలిలో నిలబడింది. పీరా సాబ్ ఒక తీగె తీసుకుని గేరుపెట్టె దగ్గర మొదలుపెట్టి, వంచుకుంటూ, మద్దిలేటి అరచేతిదాకా తెచ్చి తెంపాడు. తీగె నిలువుగా లేచి, మధ్యలో డ్రైవరు వైపు తిరిగింది.

మొలకను మళ్లీ కోశాడు. జానెడు ముక్కలోంచి బెత్తెడు తీసేశాడు. ఈసారి మద్దిలేటి తన నాలుగు వేళ్లే పెట్టి కొలిపించాడు. మిగిలిన ముక్కను గ్యాసు మంటలో ఎర్రగా కాల్చి, తీగె పక్కన పెట్టుకుని వంచి, కిందా పైనా అతికాడు. నీళ్లు పోస్తే బుస్సుమంది. అది చల్లారేదాకా మద్దిలేటి పందిరి కింద ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు.

పొద్దు గుంకే ముందు పందిరి వెనక బయల్లో రివర్సు వేశాడు. రాడ్డు పడింది. ఎగరబోయింది. అరచెయ్యి అక్కడే ఉంది, అదిమింది. ఈసారి పొడుగు సాయం చేసింది. బయలు చివరిదాకా వెనక్కి పోయాడు. మళ్లీ ముందుకొచ్చి మళ్లీ పోయాడు. పీరా సాబ్ డీజిలు పోతుందని అరిచేదాకా ఆపలేదు.

శనివారం పొద్దున కాశప్ప టెంకాయ కొట్టి, షెడ్డు లోపల గోడకు ఆనుకుని నిలబడ్డాడు. యేసేపు టీ గ్లాసుతో సందు మొదట్లోకి వచ్చాడు. మద్దిలేటి మెడ తిప్పాడు. రెండు గోడలూ రెండు పక్కల నుంచీ మీదికి వస్తున్నట్టున్నాయి. సందు మధ్యలో రాడ్డు ఒకసారి తన్నింది. అదిమిపెట్టాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"రానీ... రానీ... ఆఁ, సాలు!"

గోడకు గీత పడలేదు. యేసేపు గ్లాసు ఇచ్చేయడానికి అంగడికి పోయాడు.

కాశప్ప జీపు చుట్టూ తిరిగి, లోపలికి చూసి, "ఇదేమిరా, రాడ్డుకు గూని వచ్చింది?" అన్నాడు.

"మోకాటికి తగుల్తాందని వంపిచ్చినా సామీ."

"దిగు, నేను సూస్తా." కాశప్ప ఎక్కి కూర్చుని రాడ్డు పట్టుకున్నాడు. ఆయన చెయ్యి నిండుగా చాచుకునే చెయ్యి. వంపు ఆయన కడుపులోకి వచ్చి మోచేతిని ఇరికించింది. రెండుసార్లు లాగి, విసుగ్గా దిగాడు. "మనిషనే వాడు నడపగలడా దీన్ని? నీకెట్లా కుదిరిందిరా?"

మద్దిలేటి ఎడమచేతి చొక్కా చేయి కిందికి లాక్కున్నాడు.

"సెయ్యి సాపు."

కుడిచెయ్యి చాపాడు.

"అది కాదు."

ఎడమచెయ్యి ఎత్తాడు. అది ఎంతవరకు లేవాలో అంతవరకే లేచింది. కాశప్ప ఆ మోచేతినీ రాడ్డునూ పక్కపక్కన చూశాడు. మద్దిలేటికి అంగట్లో యేసేపు గ్లాసు పెట్టిన చప్పుడు కూడా వినిపించింది.

"పెండ్లిలో ఇరిగిందా?"

"బన్నిలో సామీ."

"ఆరు నెలలు!" అన్నాడు కాశప్ప. "ఆరు నెలలు నా జీపును ఎద్దుబండి మాదిరి ఊరు సుట్టిచ్చినావు. డీజిలు ఎట్ల అయిపోతాందో అని నేను తల కొట్టుకుంటి." ఆయన గోడ దగ్గరికి పోయి, గీత లేదని ఇంకోసారి చూసుకున్నాడు. అంతసేపూ మద్దిలేటి చెయ్యి ఎత్తే ఉంచాడు. దించమని ఎవరూ చెప్పలేదు మరి.

"దించు. ఈసారి బన్నికి పోయినావంటే రెండోది నేనే ఇరగ్గొడతా. ఇంగ ఈ వంకర జీపును ఇంకెవడు నడుపుతాడు? తియ్ బయటికి. ఇంకొకసారి పెట్టు. ఇందాక టెంకాయ నీళ్లు కంట్లో పడి నేను సరిగ్గా సూడల్యా."

మద్దిలేటి ఎక్కి కూర్చున్నాడు. తాళంచెవి తిప్పి మొదటి గేరు వేశాడు.

మూడు రోజుల తర్వాత అతను పీరా సాబ్ ఇంటికి పోయి, దంచుకోవడానికని బషీరాబీకి ఒక ఇనుప కడ్డీ ఇచ్చాడు. ఆమె దాన్ని కిందికీ మీదికీ చూసి, "ఇది బెత్తెడా, బిత్తానా?" అంది.